తుపాకితో ఒకరు, నీళ్లతో ఒకరు

అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో కాల్పులు ఇప్పటికీ జరుగుతుంటాయి. 1881లో ఓ.కే. కొరాల్ దగ్గర అర్ప్ సోదరులకూ కౌబాయ్‌లకూ మధ్య పేలిన తుపాకుల కథను టికెట్టు పెట్టి ఆడి చూపిస్తారు. నేను ఆ ఊరికి వెళ్లింది మాత్రం ఈమధ్య కాలపు కథ కోసం. 2005 ఏప్రిల్‌లో అమెరికా నలుమూలల నుంచి కొన్ని వందల మంది మామూలు పౌరులు ఇక్కడికి వచ్చారు. మెక్సికో సరిహద్దును ప్రభుత్వం కాయడం లేదు కాబట్టి మేమే కాస్తామన్నారు. మినిట్‌మన్ ప్రాజెక్ట్ అని పేరు పెట్టుకున్నారు. ముందుండి నడిపినవాళ్లు ఇద్దరు. జిమ్ గిల్‌క్రిస్ట్ వియత్నాం యుద్ధంలో పనిచేసి, కాలిఫోర్నియాలో అకౌంటెంటుగా రిటైరైన మనిషి. క్రిస్ సిమ్‌కాక్స్ ఈ ఊళ్లోనే చిన్న పత్రిక నడిపాడు.

నెలపాటు శాన్ పెడ్రో లోయలో మడత కుర్చీలు వేసుకుని, బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నారు. చాలామంది నడుముకి పిస్తోళ్లున్నాయి. ఎవరినీ ముట్టుకోకూడదు, మనిషి కనబడితే ప్రభుత్వ సరిహద్దు దళమైన బోర్డర్ పెట్రోల్‌కి ఫోన్ చేయాలి అన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. చట్టాన్ని చేతుల్లోకి తీసుకునేవాళ్లకు తాను వ్యతిరేకినని అప్పటి అధ్యక్షుడు బుష్ అన్నాడు. కాలిఫోర్నియా గవర్నరు ష్వార్జ్‌నెగర్ మెచ్చుకున్నాడు. అప్పట్లో సరిహద్దు పొడుగునా చాలాచోట్ల పశువుల కోసం కట్టినలాంటి ముళ్లతీగే ఉండేది. ఇప్పుడు లోయకు అడ్డంగా 30 అడుగుల ఉక్కు స్తంభాలు నిలబడి ఉన్నాయి.

మర్నాడు టూసాన్ నుంచి దక్షిణంగా బయల్దేరాం. కారు మా బావమరిదిది. చాండ్లర్‌లో ఉద్యోగం, హెచ్1బీ వీసా. అంతర్రాష్ట్ర రహదారి 19 మీద దూరాలన్నీ కిలోమీటర్లలో ఉంటాయి. మైళ్లతోనే బతికే ఈ దేశంలో అది వింతే. అమాడో దగ్గర పడమటికి తిరిగితే అరివాకా దారి. కొండల మధ్య మెలికలు తిరిగే రోడ్డు, రెండు పక్కలా మెస్కీట్ చెట్లు. మన చెరువు గట్ల మీద పెరిగే సర్కారు తుమ్మకు ఇవి దాయాదులే. దూరంగా బాబోకివారి శిఖరం. తొహొనో ఓధామ్ జాతివారికి అది పవిత్ర పర్వతం. వాళ్ల నేలను ఈ సరిహద్దు రెండు ముక్కలు చేసింది.

అరివాకాలో ఉండేది కొన్ని వందల మందే. ఒక అంగడి, ఒక బార్, ఒక పోస్టాఫీసు. సరిహద్దు ఇంకా పది, పన్నెండు మైళ్లు. ఈ ఊరు మర్చిపోలేని రాత్రి ఒకటుంది. 2009 మే 30న షానా ఫోర్డ్ అనే ఆమె, తన సాయుధ సరిహద్దు బృందం వాళ్లను వెంటేసుకుని, పోలీసులమని చెప్పి ఒక ఇంట్లో చొరబడింది. మత్తుమందుల డబ్బు దొరుకుతుందని ఆశ. తండ్రినీ, తొమ్మిదేళ్ల కూతుర్నీ కాల్చి చంపారు. గాయపడిన తల్లి ఎదురుకాల్పులు జరిపి బతికింది. 2011లో ఫోర్డ్‌కు మరణశిక్ష పడింది. అందుకే 2018లో కొత్త సాయుధ బృందాలు వచ్చి దిగినప్పుడు, సరిహద్దు మిలీషియాలకు ఇక్కడ ప్రవేశం లేదని లా గితానా అనే బార్ బోర్డు పెట్టింది. తుపాకులవాళ్ల వల్ల ఏం జరుగుతుందో ఈ ఊరికి పుస్తకాలు చదివితే తెలిసింది కాదు.

అలా తుపాకితో సరిహద్దు కాసే మనిషి ఒకాయన మాకు అంగడి ముందు ఎదురయ్యాడు. అరవై దాటి ఉంటాయి. సైన్యంలో పనిచేశాడట. పచ్చమచ్చల దుస్తులు, నడుముకి పిస్తోలు. అరిజోనాలో అలా బాహాటంగా పెట్టుకు తిరగడం నేరం కాదు. పలకరిస్తే మర్యాదగానే మాట్లాడాడు. చెట్లకు కెమెరాలు కడతాడు, మనుషులు నడిచిన దారులు పట్టుకుంటాడు, పోలీసులకు చెబుతాడు.

"వలస వచ్చేవాళ్లమీద నాకు కోపం లేదు. వాళ్లను తోలుకొచ్చే ముఠాల మీదే కోపం," అన్నాడు. అబద్ధం చెబుతున్నాడనిపించలేదు.

"చీకట్లో మీరు పొరబడితే? బాధితుడు ఎవరికి చెప్పుకోవాలి?" అని అడిగాను.

"నేను నా దేశానికి జవాబుదారీ."

దేశానికి ఫోన్ నంబరుండదు. పిటిషను తీసుకునే గుమాస్తా ఉండడు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆ రాత్రి ఫోర్డ్ కూడా తాను అధికారినే అని చెప్పింది. తలుపు లోపలున్నవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది?

మర్నాడు తెల్లవారుజామున సమారిటన్స్‌తో నడిచాం. వీళ్లూ పౌరులే, వీళ్లూ స్వచ్ఛందంగానే సరిహద్దు దారుల వెంట తిరుగుతారు, కానీ మోసేది నీళ్లు. మమ్మల్ని తీసుకెళ్లింది రిటైరైన నర్సు ఒకావిడ. వాగులో దిగాక ఆవిడ ఒక చెట్టు కింద ఆగి చూపించింది. దాటేవాళ్లు వదిలేసిన ఒక నల్ల ప్లాస్టిక్ క్యాన్, వెన్నెల్లో మెరవకుండా ఉండాలని నలుపు. పక్కన బూట్ల మీద తొడుక్కునే తివాచీ గుడ్డ చెప్పులు, ఇసుకలో అడుగు పడకుండా. ఇంకాస్త ముందు, సమారిటన్స్ అంతకుముందు పెట్టిన గ్యాలన్ నీళ్ల డబ్బా. దానిమీద మార్కరుతో రాసిన తేదీ, స్పానిష్‌లో ఒక దీవెన. అడుగున కత్తిగాటు. ఆవిడ వేలితో ఆ గాటు తడిమి, డబ్బా నలిపి సంచిలో వేసుకుని, కొత్తది పెట్టింది. ఎవరు కోశారో తెలియదు. 2018లో బయటికొచ్చిన వీడియోల్లో నీళ్లు పారబోసినవాళ్లు బోర్డర్ పెట్రోల్ ఉద్యోగులే.

1990లలో పట్టణాల దగ్గర కాపలా బిగించి, ఎడారికి భయపడి జనం ఆగిపోతారని ప్రభుత్వం లెక్క వేసింది. జనం ఆగలేదు, ఎడారిలోకి తిరిగారు. 2000 నుంచి దక్షిణ అరిజోనాలో 3,000 మందికి పైగా శవాలై దొరికారు. ఇక్కడికి పడమరగా లూక్‌విల్ దగ్గర 2019 జూన్‌లో ఆరేళ్ల పంజాబీ పాప ఎండదెబ్బకు చనిపోయింది. ఆ రోజు 42 డిగ్రీలు. పాపను తోటివాళ్ల దగ్గర వదిలి తల్లి నీళ్లు వెతకడానికే వెళ్లింది. ఆ వార్త చదివిన రోజు నుంచి నాకీ ప్రాంతం చూడాలని ఉంది. 2023 ఆర్థిక సంవత్సరంలో అమెరికా సరిహద్దుల్లో పట్టుబడిన భారతీయులు దాదాపు 97 వేలు.

ఒక సంగతి నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది. ఆహో ఊరి దగ్గర ఇద్దరు వలసదారులకు తిండి, నీళ్లు, పడక ఇచ్చినందుకు స్కాట్ వారెన్ అనే భూగోళ శాస్త్ర అధ్యాపకుణ్ని 2018 జనవరిలో అరెస్టు చేశారు. నేరం రుజువైతే ఇరవయ్యేళ్ల దాకా శిక్ష పడేది. మొదటిసారి జ్యూరీ తేల్చలేకపోయింది. 2019 నవంబరులో రెండో జ్యూరీ నిర్దోషి అంది. నీళ్లిచ్చినాయన కోర్టులో నిలబడి రెండుసార్లు జవాబు చెప్పుకున్నాడు. నడుముకి తుపాకి పెట్టుకుని దారి కాసేవాణ్ని, నేరం జరిగే దాకా అడిగేవాళ్లు లేరు. సరిహద్దు కాయడం ప్రభుత్వం పని. అది చెడ్డగా చేస్తే ఓటుతో, కోర్టుతో నిలదీయాలి. తుపాకి పట్టుకుని దాని కుర్చీలో కూర్చోకూడదు. నీళ్లు పెట్టడానికి ఎవరి కుర్చీ అక్కర్లేదు.

తిరుగు దారిలో, అమాడో చేరకముందే, చెక్‌పోస్టు. బావమరిది పాస్‌పోర్టు, ఐ-94 కాగితం ముందే తీసి పెట్టుకున్నాడు. బోర్డర్ పెట్రోల్ కుర్రాడు రెండూ చూసి వెళ్లమన్నాడు. ఛాతీ మీద పేరు కుట్టి ఉంది.

"పేరు చదివారా బావా? తేడా జరిగితే ఫిర్యాదన్నా చేయొచ్చు," అన్నాడు మావాడు. కాసేపటికి మళ్లీ అన్నాడు: "నిన్న ఆ పెద్దాయన కారాపి కాగితాలు అడిగితే ఏం చేసేవాళ్లం?"

చూపించేవాళ్లం. అడగడానికి నువ్వెవరని నిలదీసే ధైర్యం మా ఇద్దరికీ ఉండేది కాదు.