తూటాకూ ఒక లెక్క ఉంది



కొందరు తపాలా బిళ్ళలు సేకరిస్తారు. కొందరు పాత నాణేలు దాచుకుంటారు. పిస్టళ్ళు, రివాల్వర్ల తూటాలను రకరకాలుగా సేకరించి, వాటిని గురి చూసి కాల్చి, తేడాలు గమనించి ఆనందించేవారు కూడా లోకంలో ఉన్నారు. అమెరికా వంటి దేశాల్లో ఇదొక పెద్ద సరదా. కానీ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పుట్టి పెరిగిన మనకు తూటా అనగానే సరదా గుర్తుకు రాదు. ఊరి కక్షలు గుర్తుకు వస్తాయి. ఎన్నికలు వచ్చినప్పుడు పోలీసు స్టేషన్లో అప్పగించే లైసెన్సు తుపాకులు గుర్తుకు వస్తాయి. అలాంటి చోట, మా ఇంట్లోనే ఈ సరదా ఉందని మా పెద్దనాయన పోయిన తరువాత గాని మాకు తెలియలేదు.

ఆయన ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర ముప్పై ఏళ్ళు కాపలా పని చేశాడు. ఆ వ్యాపారికి లైసెన్సు ఉన్న రివాల్వరు ఉండేది. పెద్దనాయన మాత్రం తన జీవితంలో ఒక్కసారి కూడా తుపాకి పేల్చలేదని పెద్దమ్మ చెబుతుంది. అయినా ఇత్తడి తూటా గొట్టాలంటే ఆయనకు ఎందుకో ప్రీతి. పాత సామాన్ల అంగళ్ళలో కనబడితే ఏరుకొని వచ్చేవాడట. జ్ఞాపకార్థ కూడిక అయిన మరునాడు ట్రంకుపెట్టె తెరిస్తే, పంచెల అడుగున ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. అందులో పత్తిలో చుట్టి పెట్టిన తూటాలు 23. వాటిలో 19 ఒట్టి గొట్టాలు. మిగిలిన 4 పేలనివి.

మా అన్న కొడుకు హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నాడు. రెండేళ్ళుగా ఒక క్లబ్బులో పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటున్నాడు. ఆ డబ్బా చూడగానే వాని ముఖం వెలిగిపోయింది. ఒట్టి గొట్టాలను చాప మీద వరుసగా నిలబెట్టాడు. పేలని నాలుగింటిని మాత్రం వేరుగా, పత్తి మీదే ఉంచాడు.

"చిన్నాయనా, తూటా అంటే ఒట్టి గుండు కాదు" అని మొదలుపెట్టాడు. తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. బయట ఇత్తడి గొట్టం, లోపల మందు, కొసన సీసపు గుండు, అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ. తుపాకి సూది ఆ టోపీని కొడితే నిప్పు పుడుతుంది, మందు మండుతుంది, ఆ ఆవిరి గుండును ముందుకు తోస్తుంది. చిన్నదైన .22 తూటాకు మాత్రం విడిగా టోపీ ఉండదు. నిప్పు పుట్టించే పదార్థం గొట్టం అడుగు అంచులోనే చుట్టూ ఉంటుంది. అందుకే వాడిన .22 గొట్టానికి అంచు మీద నొక్కు కనబడుతుంది, మిగతావాటికి నడిమధ్యన కనబడుతుంది.

.22 అంటే అంగుళంలో నూటికి ఇరవై రెండు వంతుల వెడల్పు. నేడు పోటీల్లో వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నుండి ఉంది. దాని గుండు రెండున్నర గ్రాముల పైచిలుకు, పాత తులం లెక్కన పావు తులానికి తక్కువే. మన దేశంలో లైసెన్సు రివాల్వర్లలో ఎక్కువగా కనబడే .32 తూటా 1896లో వచ్చింది. దాని గుండు అర తులానికి కొంచెం ఎక్కువ. జర్మనీలో 1902లో తయారైన 9 మిల్లీమీటర్ల తూటాను నేడు లోకంలోని అనేక సైన్యాలు, పోలీసులు వాడుతున్నారు. బ్రిటిష్ సైన్యం 1891 నుండి వెబ్లీ రివాల్వర్లలో వాడిన .455 తూటా గుండు దాదాపు తులమున్నర తూగుతుంది. పెద్దనాయన డబ్బాలో ఈ నాలుగు రకాలూ ఉన్నాయి.

కొన్నిటి అడుగున 'కె.ఎఫ్.' అనే అక్షరాలు, సంవత్సరపు అంకెలు ఉన్నాయి. అవి పూణే దగ్గర ఖడ్కీలోని తూటాల కర్మాగారం గుర్తులు. ఆంగ్లేయులు కిర్కీ అని పిలిచిన ఆ ఊళ్ళో 1869లో ఆ కర్మాగారం మొదలైంది. 2021 అక్టోబరులో ప్రభుత్వం ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు అది మ్యునిషన్స్ ఇండియా కంపెనీ కిందికి వచ్చింది. తూటాలు సేకరించేవారు మొదట చదివేది ఈ అడుగు అక్షరాలనే. ఎక్కడ తయారైంది, ఏ యేట తయారైంది అన్నది తూటా తానే చెబుతుంది. మా పెద్దనాయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఒకే గుర్తు ఉన్నవాటిని ఒకే కాగితంలో చుట్టి పెట్టాడు. అది చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మరి కాల్చడంలో ఏమి సరదా ఉందని అడిగాను. వాడు తన సంచిలో నుండి గురి కాగితాలు తీసి చూపించాడు. కొత్తగా నేర్చుకునేవారు 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెడతారు. దానికి మందు లేదు, గాలి ఒత్తిడే. పది మీటర్ల దూరంలో పది మార్కుల వృత్తం చిటికెనవేలి గోరంత, పదకొండున్నర మిల్లీమీటర్లు. తరువాత .22 పిస్టల్‌తో 25 మీటర్లు. ఆ పోటీలో 60 గుళ్ళు. మొదటి 30 నిదానంగా. తరువాతి 30కి గురి ఒక్కొక్కసారి మూడు సెకన్లే కనబడుతుంది. ఆ మూడు సెకన్లలో చెయ్యి ఎత్తి, ఒకే ఒక్క గుండు కాల్చాలి. పెద్దవారి సెంటర్ ఫైర్ పోటీలో ఎక్కువమంది .32 వాడతారు. దాని గుండు ముక్కు సూదిగా ఉండదు, గడ్డపార తలలాగా చదునుగా ఉంటుంది. గుండ్రటి ముక్కు కాగితాన్ని చింపుతుంది. చదును ముక్కు బిళ్ళ కోసినట్టు గుండ్రని రంధ్రం చేస్తుంది. మార్కులు వేయడంలో తగాదా రాదు. మనిషిని దృష్టిలో పెట్టుకోకుండా, కాగితం కోసమే చేసిన తూటా అది.

మన తెలుగు పిల్లలు ఈ ఆటలో తక్కువవారు కారు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టుతో బంగారు పతకం, వ్యక్తిగతంగా వెండి పతకం సాధించింది. గుంటూరుకు చెందిన ముకేశ్ నేలవల్లి 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో 25 మీటర్ల పిస్టల్‌లో బంగారు పతకం గెలిచాడు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఆ పేలని నాలుగు తూటాల దగ్గర వచ్చింది. మూడు .32వి, ఒకటి 9 మిల్లీమీటర్లది. అవి ఆ డబ్బాలోకి ఎలా వచ్చాయో చెప్పగలిగిన మనిషి లేడు. "అన్నీ ఇచ్చేద్దాం చిన్నాయనా, ఆ 9 మిల్లీమీటర్లది ఒక్కటి ఉంచుకుంటా. తాత గుర్తుగా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు వాడు. వాని ప్రేమలో కల్లలేదు. కానీ ఆ ఒక్కటే అన్నిటికంటే ప్రమాదమైనది.

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా ఉంచుకోవడం నేరం. 2019 సవరణ తరువాత శిక్ష ఐదేళ్ళ దాకా ఉంది. 9 మిల్లీమీటర్లది సామాన్యులకు నిషేధించిన రకం. నిషిద్ధ తూటాలకు శిక్ష ఏడేళ్ళ నుండి మొదలవుతుంది. లైసెన్సు ఉన్నవారికి సైతం ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. మన దేశంలో ఒక్క తూటా కూడా లెక్క లేకుండా ఉండకూడదు.

ఈ మాటలన్నీ నేను చెప్పాను. వాడు తల వంచుకొని విన్నాడు గాని మనసు ఒప్పుకోలేదు. అంతవరకు గోడకు ఆనుకొని కూర్చున్న పెద్దమ్మ అప్పుడు నోరు తెరిచింది. ఆమె తమ్ముడు ఊరి కక్షల్లో పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు, ఆ రోజూ ఎత్తలేదు.

"ఆ ఒట్టివాటి పని అయిపోయింది నాయనా. ఈ నాలుగూ ఇంకా కాచుకోని ఉండాయి. మీ తాత గుర్తు నీకు కావల్ల అంటే ఆయప్ప కండువా తీసుకో" అంది.

వాడు మారు మాట్లాడలేదు. తానే ఒక కాగితం తీసి, 23 తూటాల రకం, గుర్తు, సంవత్సరం అన్నీ వరుసగా రాశాడు. మేము తూటాలను ఇంట్లోనే ఉంచి, ముందుగా పోలీసు స్టేషనుకు వెళ్ళి సంగతి చెప్పి, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాము. వారు ఇంటికి వచ్చి, లెక్కపెట్టి, మా పట్టికతో సరిచూసుకొని, ఒట్టివాటితో సహా తీసుకొని రసీదు ఇచ్చారు. ఆ పట్టిక నకలు, రసీదు ఇప్పుడు పెద్దమ్మ దగ్గర బిస్కెట్ల డబ్బాలోనే ఉన్నాయి. కండువా హైదరాబాదుకు వెళ్ళింది.

వాడు ఇప్పుడు సేకరించేది గురి కాగితాలు. ఏ రోజు, ఏ తూటా, ఎన్ని మార్కులు అని ప్రతి దాని మూలన రాస్తాడు. వాడు వెళ్ళే రేంజిలో ఇచ్చిన తూటాలెన్నో, తిరిగి అప్పగించిన ఒట్టి గొట్టాలెన్నో లెక్క సరిపోతేనే ఇంటికి పంపుతారు. పోయినసారి ఊరికి వచ్చినప్పుడు కాగితాలు తెచ్చి పెద్దమ్మకు చూపించాడు. ఆమె అద్దాలు పెట్టుకొని, రంధ్రాలు వేలితో తడిమి, "అన్నీ ఒక్క చోటనే పడినాయే" అని నవ్వింది.

ప్రియ పాఠకులారా, మీ ఇండ్లలో పెద్దల పెట్టెలు ఏవైనా తెరవకుండా ఉంటే ఒకసారి తెరచి చూడండి. సైన్యంలోనో, కాపలాలోనో పని చేసిన పెద్దలు ఉన్న ఇండ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. తూటా దొరికితే సుత్తితో కొట్టకండి, పొయ్యిలో వేయకండి, బావిలో పారవేయకండి. నిప్పులో పడిన తూటా గొట్టం పగిలి ముక్కలు ఎగిరి కండ్లు పోగొడుతుంది. పిల్లలను దూరంగా ఉంచి, ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్లో తెలియజేసి, అప్పగించి, రసీదు తీసుకోండి. మీ బిడ్డకు గురి మీద ఆసక్తి ఉంటే భయపడి కొట్టకండి. లెక్క నేర్పే చోటికి, శిక్షకుని ఎదుటికి పంపండి.