గోడ మీదున్నోళ్ళు మనోళ్ళేనా?

కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మేం నలుగురం అరకు వైపు వాళ్ళం, విశాఖలో డిగ్రీ చదువుతున్నాం. వేసవి సెలవులకి ఊరెళ్ళినప్పుడు పిల్లలకి డాన్స్ నేర్పిద్దాం అనుకున్నాం. ఏ పాటకి అన్నదాని మీదే రెండు రోజులు వాదన. చివరికి మాలో ఒకరు, "పాట వద్దు, బస్సు దిగేచోట గోడ మీద బొమ్మలున్నాయి కదా, వాటిని చూసి వాళ్ళనే కట్టుకోమందాం" అన్నారు. అలాంటి గోడలు మీరూ చూసే ఉంటారు. ఎర్రమట్టి రంగు మీద తెల్ల గీతలు. రెండు త్రికోణాలు మొనలు కలిపితే ఒక మనిషి. పైన పెద్దక్షరాలతో గిరిజన సంస్కృతి అని.

పదమూడు మంది పిల్లల్ని తీసుకెళ్ళి గోడ ముందు నిలబెట్టాం. మొదటి ప్రశ్నే, "అన్నా, ఈలకి మొకాలు నేవేటి?" తర్వాత ఇంకొక పాప, "మన తుడుము ఏది? మోరి ఏది? మద్దిన ఆడు ఊదతన్నదేటి?" అంది. మాకూ తెలీదు. రోజూ బస్సెక్కే చోటే, ఒక్కసారీ నిలబడి చూడలేదు. సిగ్గేసింది.

ఫోన్లో వెతికితే తెలిసింది, అవి వార్లీ బొమ్మలు. మహారాష్ట్రలో పాల్ఘర్ వైపు ఆదివాసీలవి. అసలైతే పెళ్ళిళ్ళప్పుడు ఆడవాళ్ళు ఇంటి గోడల మీద బియ్యప్పిండితో గీసేవారు. 1970ల నుంచి జీవ్యా సోమా మాషే కాగితం మీదా గుడ్డ మీదా గీయడంతో బయట ప్రపంచానికి తెలిశాయి. ఆయనకి 2011లో పద్మశ్రీ వచ్చింది. మధ్యలో ఊదేది తార్పా, సొరకాయ బుర్రతో, వెదురుతో చేస్తారు. దాని చుట్టూ చేతులు కలిపి తిరుగుతారు, తార్పాకి వీపు చూపించరు.

ఎంత బాగున్నా అవి మనవి కాదు కదా! మన కొండ మీద మన పేరు రాసి వేరే రాష్ట్రపు ఆదివాసీల్ని గీశారు. మాలో ఒకరికి కోపమొచ్చి సున్నం కొట్టేద్దాం అన్నారు. గీసిన పెయింటరన్న కనిపిస్తే అడిగాం. "నాకిచ్చిన ఫోటో అదే తమ్ముడూ, అడుగుకింత అని లెక్క" అన్నాడు. ఆయన్నేమంటాం.

పిల్లలకి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఒకడు కాసేపు ఆలోచించి, "మరి ఆల గోడల మీద మనం ఉన్నామా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

డాన్స్ సంగతికొస్తే, మొదటి రెండు రోజులు మేమే చెడగొట్టాం. వన్ టూ త్రీ ఫోర్ అంటూ స్టెప్పులు చెప్పాం, వాళ్ళు కాపీ కొట్టారు, చూడబుద్ధి కాలేదు. మూడో రోజు పద్ధతి మార్చాం. ఒక్కొక్కరూ గోడ మీద ఒక బొమ్మని ఎంచుకోవాలి, దానిలా నిలబడాలి. ఈ బొమ్మ దీనికి ముందు ఏం చేసింది, తర్వాత ఏం చేస్తుంది, ఆ రెండూ చేసి చూపించాలి. అంతే, మేం నోరు మూసుకున్నాం. నీళ్ళ బిందె బొమ్మని తీసుకున్న పాప బిందె దించాక నడుం పట్టుకుని నిలబడింది. వాళ్ళమ్మ అలాగే నిలబడుతుందని తర్వాత తెలిసింది. మోకాళ్ళు వంచి, నడుం దగ్గర సన్నగా, భుజాలు వెడల్పుగా పెట్టాలంటే ఎంత కష్టమో మేమూ చేసి చూశాం, తొడలు పట్టేశాయి.

కష్టమంతా చుట్ట దగ్గరొచ్చింది. గోడ మీద వరుస నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. ముగ్గుపిండితో నేల మీద గీసి నడవమంటే లోపలికైతే వెళ్ళారు, బయటికి రాలేక ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. అరుగు మీద కూర్చుని చూస్తున్న ఒక అవ్వ నవ్వీ నవ్వీ లేచొచ్చింది. బాగ్ ధింసాలో పులి వచ్చినప్పుడు వేసే చుట్ట ఇదే కదా అని, ముందున్న పిల్ల చెయ్యి పట్టుకుని తిప్పి బయటికి లాక్కొచ్చింది. అవ్వకి డెబ్బై దాటి ఉంటాయి. ధింసా మాకు వచ్చనుకున్నాం గానీ, మాకొచ్చింది కాలేజీ స్టేజీ మీద ఐదు నిమిషాల ధింసా. గుండేరి, పొతర్ తోల, బాగ్ అని అవ్వ వరసగా చెప్తుంటే పేర్లు రాసుకున్నాం.

చివరికి పిల్లలే ఒకటి కట్టారు. మొదట త్రికోణాల్లా విడివిడిగా, మొహం తిప్పకుండా. తర్వాత చుట్ట. అందులోంచి బయటికొచ్చేటప్పుడు ఒక్కొక్కరి చెయ్యి పక్కవాళ్ళ నడుం వెనక్కి వెళ్తుంది, అక్కడ్నుంచి మన ధింసా. తుడుము మాత్రం అక్కడే మొదలవ్వాలని వాళ్ళే పట్టుబట్టారు.

ఆగస్టు 9న ఇది ఆడిద్దామంటే బడిలో ఒప్పుకోవట్లేదు, మామూలు ధింసా చాలంటున్నారు. మాలోనే ఇద్దరు వార్లీ భాగం తీసేద్దామంటున్నారు, ఇద్దరు వద్దంటున్నారు. పిల్లల్ని అడిగితే, గోడ ముందే ఆడతాం అన్నారు.

మీ మండలంలో గోడల మీద ఏం బొమ్మలున్నాయో ఫోటో తీసి కింద పెట్టండి. అవి ఎవరివో తెలిస్తే అదీ రాయండి.