ఉగ్రస్తంభం కింద

మా అమ్మాయి నన్ను కొండలెక్కిస్తోందని తెలిసి బంధువులంతా దాన్ని చీవాట్లు పెట్టారు. అసలు తప్పు డాక్టరుగారిది. నా యాభై తొమ్మిదో ఏట గుండెకు స్టెంటు వేసి, "నడవండి, కొంచెం కొంచెంగా పెంచండి" అన్నారాయన. బెజవాడలో కాలవగట్టున నాలుగడుగులు వేసి, దారిలో రెండిడ్లీలు తిని ఇంటికి రావడమే నడక అని నేను అర్థం చేసుకున్నాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి మరోలా అర్థం చేసుకుంది. సెలవుకు వచ్చినప్పుడల్లా నన్నొక కొండమీదికి లాక్కుపోయేది. మొదట మంగళగిరి మెట్లు, తరవాత కొండపల్లి కోట, రెండేళ్ళకు అలిపిరి నుంచి తిరుమల.

అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఒక ఎత్తు, మోకాళ్ళమిట్ట ఒక్కటీ ఒక ఎత్తు. ఏడేళ్ళ వయసులో అక్కడే చతికిలబడి ఏడిచింది మా అమ్మాయి. "పది మెట్లు లెక్కపెట్టు, ఆగు, మళ్ళీ ఒకటినుంచి మొదలెట్టు. పైకి మాత్రం చూడకు" అని నేనే నేర్పాను. ఈమాటు అదే మెట్లమీద నిలబడి అదే పాఠం నాకు అప్పజెప్పింది. నవ్వాను గాని, లోపలెక్కడో గుచ్చుకుంది.

కిందటి మార్గశిరంలో అహోబిలం బయలుదేరాం. నంద్యాల దాకా రైలు, అక్కణ్ణుంచి ఆళ్ళగడ్డ మీదుగా బస్సు. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి ఎనిమిది కిలోమీటర్లు, చక్కని రోడ్డు. కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి కానుకలిచ్చిన సంగతి శాసనం చెబుతుంది. రాయలవారు వచ్చేనాటికి ఈ రోడ్డు లేదు గదా అనుకుంటే వారిమీద గౌరవం రెట్టింపవుతుంది.

రోడ్డు గుడిముందు ఆగిపోతుంది. అసలు అహోబిలం అక్కడే మొదలు. నవనారసింహుల్లో కొందరు రోడ్డుకు దగ్గరలోనే ఉన్నారు. జ్వాలా నరసింహస్వామి మాత్రం నల్లమల లోపలికి రమ్మంటాడు. దారి చూపడానికి ఒక చెంచు కుర్రవాణ్ణి కుదుర్చుకున్నాం. చెంచులకు నరసింహస్వామి బావగారు. చెంచులక్ష్మి వారి ఆడపడుచు. అందుకేనేమో, ఆ కుర్రవాడు స్వామిగురించి ఇంట్లోమనిషిని గురించి చెప్పినట్టు చెప్పాడు.

భవనాశి వాగువెంట బండలమీద నడక. ఒకటి దాటితే మరొకటి. కొన్ని తడిసి సబ్బులా జారుతున్నాయి. చేతికర్ర లేకపోతే ఆనాడే ఈ కథ ముగిసేది. పక్కన మద్దిచెట్లు, వెదురు పొదలు, పైన పొరలు పొరలుగా పేర్చినట్టున్న ఎర్రటి రాతి గోడలు. జ్వాలా నరసింహుడి గుడి చేరాలంటే పైనుంచి దూకే జలధారకు, కొండకు మధ్యనుంచి పోవాలి. తుంపరలు మీదపడగానే అమ్మాయి చిన్నపిల్లలా కేకేసింది. హిరణ్యకశిపుణ్ణి చంపి స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం అక్కడికి దగ్గరే.

ఆ కుండం దగ్గరే నా ఛాతీలో బరువు మొదలైంది. ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టు. నీళ్ళు తాగే నెపంతో కూర్చున్నాను. రెండు నిమిషాలకు తగ్గింది. అమ్మాయికి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటారా? అక్కణ్ణుంచి ఉగ్రస్తంభానికి దారి చీలుతుంది. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అదేనంటారు. ఆకాశంలోకి నిలువుగా లేచిన రాయి. దాన్ని ముట్టుకుని తీరుతానని ఆర్నెల్లుగా ఊరంతా చాటాను. దారి అన్నది పేరుకే. రాళ్ళూ, చెట్లవేళ్ళూ పట్టుకుని ఎగబాకాలి.

ఇరవై అడుగులు ఎక్కానో లేదో, అమ్మాయి వెనక్కి తిరిగి నా మొహం చూసింది.

"నాన్నా, నువ్విక్కడే కూర్చో."

"నాకేం? గుర్రంలా ఉన్నాను."

"గుర్రాలకు ఇలా చెమట పట్టదు, చలికాలంలో."

కోపం వచ్చింది. గొంతు పెంచాను కూడా. అది మాట్లాడలేదు, నా చేతికర్ర తీసుకుని బండకానించి, పక్కన నీళ్ళసీసా పెట్టి, కుర్రవాడితో పైకి వెళ్ళిపోయింది.

రెండు గంటలు. మొదటి అరగంట దానిమీద కోపం. తరవాత భయం. పైన ఒక రాయి దొర్లిన చప్పుడైతే లేచి నిలబడ్డాను. మోకాళ్ళమిట్ట దగ్గర ఏడ్చిన పిల్ల కళ్ళముందాడింది. అప్పుడు దాన్ని భుజానెత్తుకోవడం చేతనయింది. ఇప్పుడు దానికేమైనా అయితే నేను పది అడుగులు వెయ్యలేను. ఒక బొజ్జాయన నా పక్కన కూలబడి, "మీకూ ఇంతవరకేనా?" అని జంతికలు పెట్టాడు. ప్రసాదంలా తిన్నాను.

అది దిగి వచ్చేసరికి మోచెయ్యి గీరుకుపోయి ఉంది. స్తంభం సంగతి చెప్పకుండా, "నొప్పి వచ్చిందా నాన్నా?" అంది.

"వచ్చింది. కుండం దగ్గర."

అది చాలాసేపు నేలచూపులు చూసింది. ఆ తరవాత జ్వాలా నరసింహుడి గుడివైపు వెళ్ళి డోలీవాళ్ళను పిలుచుకు వచ్చింది. వాళ్ళు నన్ను ఎగాదిగా చూసి ధర చెప్పారు. నేను బేరమాడలేదు.

"అమ్మకు చెప్పకే" అన్నాను, డోలీలో కూర్చుంటూ.

"చెబుతాను" అంది మా అమ్మాయి. డోలీ లేచింది. చెట్ల సందుల్లోంచి ఉగ్రస్తంభం ఒకసారి కనబడి, కొండమలుపులో దాక్కుంది. అమ్మాయి డోలీ పక్కనే, నా చేతికర్ర తను పట్టుకుని, బండ బండకూ "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ నడిచింది.