నాలుగు సెలవులు, రెండు ఊళ్ళు, ఒక కండిషన్

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ టూర్ ప్లానులు చూస్తే నాకు భలే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆఫీసులో రెండు రోజుల పనికి ఐదు రోజులు ఎస్టిమేట్ ఇచ్చే మనం, టూరు అనేసరికి మాత్రం ఐదు రోజుల పని రెండు రోజుల్లో అయిపోతుందని గట్టిగా నమ్మేస్తాం. మా టీములో ఒక ఎక్సెల్ షీట్ తరతరాలుగా (అంటే నాలుగు అప్రైజళ్ళ నుంచి) చేతులు మారుతోంది. దాని పేరు 'ఢిల్లీ ఆగ్రా జైపూర్ నాలుగు రోజులు ఫైనల్ ఫైనల్ 2'. అందులో మొత్తం 18 స్పాట్లు. ఒక్కోదానికీ రంగు, పక్కన టైము, ఆ పక్కన టిక్కు పెట్టుకోడానికి డబ్బా.

ఒకసారి లెక్క వేసి చూశాను. ఢిల్లీ నుంచి ఆగ్రా, అక్కడి నుంచి జైపూర్, మళ్ళీ ఢిల్లీ.. మూడూ కలిపితే రోడ్డు మీద 700 కిలోమీటర్ల పైమాటే. కారులో ఓ 15 గంటలు వేసుకుందాం. నాలుగు రోజులు, రోజుకి 12 గంటలు తిరుగుతాం అనుకుంటే 48 గంటలు. అందులో కారుకి 15, తిండికీ స్నానాలకీ హోటల్ ఖాళీ చెయ్యడానికీ ఇంకో 12 తీసేస్తే మిగిలేది 21. వాటిని 18 స్పాట్లకి పంచితే స్పాటుకి గంటా పది నిమిషాలు. ఈ గంటా పది నిమిషాల్లోనే పార్కింగు నుంచి గేటు దాకా నడక, టికెట్ల లైను, సెక్యూరిటీ లైను, ఫోటోలు.. ఇక చూడ్డానికి ఎంత మిగులుతుందో మీరే చెప్పండి.

పాతికేళ్ళ కుర్రాళ్ళు నలుగురు వెళ్తే అదీ ఒక సరదానే, కాదనను. కానీ ఈసారి నేను వెళ్ళేది అమ్మానాన్నలతో.

నాన్న ఖమ్మం బస్టాండులో ఆర్టీసీ కంట్రోలర్‌గా చేసి రిటైర్ అయ్యారు. జీవితమంతా జనాన్ని ఊళ్ళకి పంపించడమే తప్ప తను పెద్దగా ఎక్కడికీ వెళ్ళింది లేదు. తిరుపతి, శ్రీశైలం, ఒకసారి షిర్డీ.. అంతే. అమ్మ సంగతి చెప్పక్కర్లేదు, నాన్న వెళ్ళిన చోటికే అమ్మా వెళ్ళింది. ఇప్పుడు అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగాయి. ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాడు, ఆవిడేమో ఇంకా మనసు గట్టి చేసుకోలేదు. ప్రస్తుతం ఆవిడ కెపాసిటీ ఏమిటంటే, పట్టుకోడానికి రెయిలింగ్ ఉంటే ఇరవై మెట్లు. లేకపోతే పది. ఆ తర్వాత కాసేపు ఆగాలి.

మూడేళ్ళ క్రితం వాళ్ళు హైదరాబాద్ వచ్చినప్పుడు గోల్కొండకి వెళ్ళాం. పైదాకా మూడొందల పైచిలుకు మెట్లు. అమ్మ కింద బాలాహిస్సార్ దర్వాజా దగ్గరే ఆగిపోయి, "నేను ఇక్కడ కూర్చుంటాలే, మీరు చూసి రండి" అంది. అక్కడ చప్పట్లు కొడితే కొండ మీదకి వినపడుతుందని తెలుసు కదా. మేం పైకెళ్ళేసరికి కింద నుంచి చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి, ఎంతమంది కొడుతున్నారో ఏమో. దిగి వచ్చాక ఆవిడ అడిగిన మొదటి మాట, "నేను కొట్టింది వినిపించిందా?" అని. నాన్న ఠక్కున "వినిపించింది, నీదే అనుకున్నాం" అన్నారు. అమ్మ తెగ సంబరపడింది. ఆవిడ చూసిన గోల్కొండ అంతే, ఒక దర్వాజా, కాసిని చప్పట్లు.

అందుకే ఈసారి ప్లానుకి నేను పెట్టుకున్న కండిషన్ ఒక్కటే. "నేను కింద కూర్చుంటాలే, మీరు చూసి రండి" అనే మాట టూరు మొత్తంలో ఒక్కసారి కూడా వినపడకూడదు. అందరం చూస్తే చూస్తాం, లేకపోతే అందరం మానేస్తాం. బడ్జెట్, దూరం, రేటింగ్.. అన్నీ దీని తర్వాతే.

ఈ ఒక్క కండిషన్ పెట్టగానే షీటు దానంతట అదే ఖాళీ అవడం మొదలుపెట్టింది. ఫతేపూర్ సిక్రీ పోయింది, బులంద్ దర్వాజా ముందున్న నిటారు మెట్లు ఫోటోలో చూస్తేనే నాకు ఆయాసం వచ్చింది. హుమాయూన్ సమాధి పోయింది, ఎత్తైన అరుగు మీద ఉంటుంది. ఇక జైపూర్.. ఇదొక్కటే నాకు కష్టమైంది, ఎందుకంటే నా లిస్టులో మొదటి పేరు అదే. 1727లో సవాయి జైసింగ్ కాగితం మీద గీతలు గీసి, తొమ్మిది గళ్ళుగా కట్టించిన ఊరు. అక్కడి జంతర్ మంతర్‌లో 27 మీటర్ల ఎత్తు సామ్రాట్ యంత్రం ఉంది. రాయీ సున్నంతో కట్టిన ఎండ గడియారం, రెండు సెకన్ల తేడాతో టైము చెబుతుంది. దాని నీడ కదలడం కళ్ళతో చూడొచ్చట. మన సర్వర్ల టైము సింక్ చెయ్యలేక అర్ధరాత్రి దాకా కొట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది అదెంత గొప్పో. అయినా తీసేశాను. జైపూర్ ఎక్కడికీ పోదు, నా మోకాళ్ళూ ఇంకో ఇరవై ఏళ్ళ దాకా ఎక్కడికీ పోవు. అమ్మ మోకాళ్ళకే గడువుంది.

మిగిలినవి ఆగ్రా, ఢిల్లీ. తేదీలు ఖాయం చేసేముందు నాన్నకి ఆ పాత షీటూ, నా కొత్త ప్లానూ రెండూ ఫోన్లో చదివి వినిపించాను. పాతది విని ఆయన ఒకటే మాటన్నారు. "రన్నింగ్ టైం అంత టైట్‌గా వేస్తే బస్సు టైముకి రాదురా, స్టాపులు ఎగ్గొడుతుంది. ఎగ్గొట్టిన స్టాపులో నిలబడి ఉండేది ఎప్పుడూ ముసలాళ్ళే."

నేను నాలుగేళ్ళలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మీద మూడు ట్రైనింగులు తీసుకున్నాను. బఫర్ ఎందుకుండాలో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇక ప్లాను సంగతి. ఎవరికైనా పనికొస్తుందేమో అని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నెల: ఫిబ్రవరి. డిసెంబర్, జనవరిల్లో ఉత్తరాదిన పొగమంచుకి రైళ్ళు గంటల కొద్దీ లేటవుతాయి. ఏప్రిల్ దాటితే ఆగ్రా పాలరాయి పెనంలా కాలుతుంది. రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవాళ్ళు, 2024 నవంబర్ నుంచి 60 రోజులే. సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది గానీ, కింది బెర్తుల్లో ప్రాధాన్యం మాత్రం ఉంది. మగవాళ్ళకి 60 దాటితే, ఆడవాళ్ళకి 45 దాటితే. కానీ ఇద్దరు పెద్దవాళ్ళతో పాటు నన్నూ అదే టికెట్లో కలిపేస్తే ఆ కోటా వర్తించకపోవచ్చు కాబట్టి వాళ్ళిద్దరికీ వేరే టికెట్, నాకు వేరే. నాకు పై బెర్తు వచ్చినా బాధ లేదు.

వారం: మంగళవారం బయలుదేరాలి. తాజ్ మహల్ శుక్రవారం సెలవు, ఎర్రకోట సోమవారం సెలవు. ఈ రెండూ చూసుకోకుండా వెళ్ళి గేటు ముందు ఫోటో దిగి వచ్చినవాళ్ళు నాకు తెలిసే ఇద్దరున్నారు. మంగళ, బుధ, గురు, శుక్ర.. నాలుగు సెలవులు. శని, ఆదివారాలు ఎలాగూ మనవే.

వెళ్ళేటప్పుడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్. పాత ఏపీ ఎక్స్‌ప్రెస్సే, 2014లో రాష్ట్రం విడిపోయాక పేరు మారింది. విమానంలో రెండు గంటల్లో పోయే దూరానికి ఒక పగలూ ఒక రాత్రీ ఎందుకని మా ఫ్రెండ్సు నవ్వారు. నాన్నే రైలు కావాలన్నారు. ఆయన కోరికకి ఒక కారణం ఉంది, అది చివర్లో చెప్తాను. ఆగ్రాలో చీకటితోనే దిగాలి. హోటళ్ళలో చెకిన్ మధ్యాహ్నం కాబట్టి రూము ముందురోజు రాత్రి నుంచే తీసుకుంటున్నా. ఒక రాత్రి అద్దె దండగ అంటారేమో, చలిలో అమ్మని లాబీ సోఫాలో ఆరు గంటలు కూర్చోబెట్టడం కంటే నయం. హోటల్‌కి ఫోన్ చేసినప్పుడు రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. ఒకటి, లిఫ్ట్ ఉందా? రెండు, పనిచేస్తోందా? :)

బుధవారం పూర్తిగా విశ్రాంతి. సాయంత్రం ఒక్క మెహతాబ్ బాగ్. యమునకి అవతలి ఒడ్డున, సరిగ్గా తాజ్‌కి ఎదురుగా ఉండే తోట. అంతా చదును. ఎక్కేదీ దిగేదీ లేదు, కూర్చుని చూడ్డమే.

గురువారం పొద్దున్నే తాజ్ మహల్. సూర్యోదయానికి అరగంట ముందే తెరుస్తారు. శిల్పగ్రామ్ దగ్గర కారు దిగితే తూర్పు గేటు దాకా బ్యాటరీ బళ్ళు ఉంటాయి. లోపలికి మనవాళ్ళకి 50 రూపాయలు, సమాధి ఉన్న అరుగు మీదకి ఎక్కాలంటే ఇంకో 200. ఆ పైటికెట్టు ముగ్గురికీ తీసుకుంటా. అక్కడిదాకా వెళ్ళాక అమ్మ ఎక్కగలిగితే ఎక్కుతాం. లేకపోతే ముగ్గురం తోటలోనే ఉంటాం, 600 పోతాయి. వీకెండ్ ఒక సినిమాకి మల్టీప్లెక్స్‌లో అంతకన్నా ఎక్కువే వదిలించుకుంటాం.

శుక్రవారం ఆగ్రా కోట. అమర్ సింగ్ గేటు నుంచి లోపలికి రాళ్ళు పరిచిన ఏటవాలు దారి, మెల్లగా నడవచ్చు. 1658 నుంచి 1666లో చనిపోయేదాకా షాజహాన్‌ని కొడుకు ఔరంగజేబు బందీగా ఉంచింది ఇక్కడే. తను కట్టించిన తాజ్‌ని ఎనిమిదేళ్ళు ఈ కోటలోంచే చూశాడు. దూరం నుంచి చూస్తే చూసినట్టు కాదు అనేవాళ్ళకి నా దగ్గరున్న సమాధానం షాజహాన్. మధ్యాహ్నం ఢిల్లీకి ప్రయాణం. 2016లో మొదలైన గతిమాన్ ఎక్స్‌ప్రెస్ మంచి బండే గానీ, శుక్రవారం నడవదు. కాబట్టి కారు.

శనివారం కుతుబ్ మినార్. దీన్ని ఉంచడానికి కారణం చెప్తే నవ్వుతారు. 73 మీటర్ల ఎత్తు, లోపల 379 మెట్లు, ఒక్కటి కూడా ఎవరూ ఎక్కడానికి లేదు. 1981లో లోపల తొక్కిసలాట జరిగి 45 మంది, ఎక్కువగా స్కూలు పిల్లలు, చనిపోయారు. అప్పటి నుంచి మూసేశారు. కారణం విషాదమే గానీ, ఇవాళ అక్కడ రాష్ట్రపతి అయినా, మా అమ్మ అయినా కిందే నిలబడి తలెత్తి చూడాలి. పక్కనే 1,600 ఏళ్ళ నాటి ఇనుప స్తంభం.

ఆదివారం ఇండియా గేట్, ఆంధ్రా భవన్‌లో భోజనం (ఐదు రోజులు రోటీలు తిన్నాక అమ్మకి పప్పూ గోంగూరా చూపించకపోతే ఇంటికొచ్చాక నాకు అన్నం పెట్టదు), సాయంత్రం విమానం. అమ్మకిది మొదటి విమానం. టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని పెడితే ఎయిర్‌లైన్ వాళ్ళు ఏర్పాటు చేస్తారు. "నాకు కుర్చీ ఏంట్రా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు" అని అమ్మ ఇప్పటికే ఒక రౌండు గొడవ పెట్టుకుంది. చర్చలు నడుస్తున్నాయి.

ఇప్పుడు నాన్న కోరిక. శనివారం కుతుబ్ నుంచి అదే మెహ్రౌలీ-బదర్‌పూర్ రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు పోతే తుగ్లకాబాద్ కోట వస్తుంది. మా షీటు పద్దెనిమిదిలో దాని పేరు కూడా లేదు. 1323లో ఓరుగల్లు కోటని పట్టింది ఈ కోట కట్టించిన గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అని మనం స్కూల్లో చదువుకున్నది ఇతన్నే. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపితే, ఆయన దారిలోనే నర్మద ఒడ్డున చనిపోయాడని చెబుతారు. మన రైలు కూడా ఓరుగల్లు పక్కనున్న కాజీపేట మీదుగా వెళ్ళి, భోపాల్‌కి ముందు నర్మద దాటి, ఢిల్లీ వైపు పోతుంది. నాన్నకి రైలు కావాల్సింది అందుకే. "ఆయన చేరని ఊరు కదా, ఒకసారి చూసొద్దాం" అన్నారు. కోట లోపల అంతా రాళ్ళూ రప్పలూ, ఎక్కడం కుదరదు. కానీ ఆ గోడలు రోడ్డు మీంచే కనిపిస్తాయి. కారు పక్కకి ఆపి పది నిమిషాలు చూస్తే చాలన్నారు. ఆ పది నిమిషాలకి నేను గంట వేశాను. రన్నింగ్ టైం నేర్పింది ఆయనే కదా.

మొత్తం లెక్క ఆరు రోజులకి ఏడు చోట్లు. ఆ పాత షీటు వాళ్ళు ఇది చూస్తే జాలిపడతారు. పడనివ్వండి. మీకూ ఇంట్లో ఇలాంటి ప్రయాణం ఒకటి పెండింగులో ఉంటే ఒక్క పని చెయ్యండి. గూగుల్లో 'చూడవలసిన ప్రదేశాలు' వెతికే ముందు ఇంట్లో వాళ్ళు ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరో అడగండి. నిజం చెప్పరు, రెండింతలు చెబుతారు. మీరే పక్కన నిలబడి లెక్కపెట్టండి. వచ్చిన నంబరు బట్టి ఊరు ఎంచుకోండి. ఆ నంబరు ప్రతి ఏడూ తగ్గుతుంది తప్ప పెరగదు.

మా డామేజరు సెలవు మెయిల్ చూసి "ఫిబ్రవరిలో రిలీజ్ ఉంది కదా" అన్నాడు. "రిలీజ్ లేని నెల ఏదైనా ఉంటే చెప్పండి, మార్చుకుంటా" అన్నాను. ఆయన క్యాలెండర్ తెరిచి, డిసెంబర్ దాకా చూసి, అప్రూవ్ చేసేశాడు.