గంట వేరు, వఖ్త్ వేరు

గడియారానికి గంటలే తెలుసు, వఖ్త్ తెలియదు. చిలకలగూడలోని మా ఇంట్లో అమ్మీ కోసం ఒక చిన్న కంప్యూటర్ పెట్టినంక ఈ ఫరఖ్ నాకు బాగా సమజైంది.

అమ్మీకి చూపు బాగా తగ్గింది. గోడ గడియారం ముళ్లు కనబడవు. మస్జిద్ రెండు గల్లీల అవతల. స్టేషన్ దగ్గరి రైళ్ల చప్పుడులో అజాన్ ఒకసారి వినబడుతుంది, ఒకసారి వినబడదు. పగలు మేమంతా నౌకరీలకు పోతే ఇంట్లో ఆమె ఒక్కతే. "జొహర్ అయ్యిందా బేటా?" అని ఫోన్ చేసేది. నమాజ్ కోసం రోజూ ఇంకొకర్ని అడగడం ఆమెకు తక్లీఫ్‌గా ఉండేది.

అందుకే రాస్ప్‌బెర్రీ పై తెచ్చి, స్పీకర్ తగిలించాను. అరచేతిలో పట్టే కంప్యూటర్. రాత్రింబవళ్లు నడిచినా కరెంట్ బిల్లు మీద బోఝ్ పడదు. అందులో క్రాన్ అని ఒక నౌకర్ ఉంటాడు. 1979 నాటి యూనిక్స్‌లోనే ఉన్న పాత మనిషి. చెప్పిన టైముకు చెప్పిన పని చేస్తాడు. ఆయనకు ఐదు గడులు నింపి ఇవ్వాలి: నిమిషం, గంట, తారీఖు, నెల, వారం. ఏదైనా ఫరవాలేదనుకునే గడిలో చుక్క గుర్తు. "30 6 * * *" అని రాస్తే రోజూ పొద్దున 6:30కి అమ్మీకి బీపీ గోలీ యాద్ చేస్తాడు.

నమాజుకు ఇది చాలదు. మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది. సికింద్రాబాద్ 78.5 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మన సూర్యుడు 16 నిమిషాలు వెనక. పైగా ఏడాదంతా ఒకే చాల్ నడవడు. నడిమింటి పొద్దు ఫిబ్రవరి మధ్యలో 12:30 దగ్గర, నవంబర్ మొదట్లో 12:00 దగ్గర. మగ్రిబ్ నవంబర్ ఆఖర్లో 5:40 దాకా ముందుకొస్తే, జులై మొదట్లో 6:55 దాకా పోతుంది.

కాబట్టి క్రాన్‌కు ఒకటే పని ఇచ్చాను: "5 0 * * *". అంటే రోజూ రాత్రి 12:05కి ఆ రోజు ఐదు వఖ్తుల హిసాబ్ కట్టి, "ఎట్" అనే ఇంకో నౌకర్‌కు అప్పజెప్పాలి. ఎట్ ఒక్కసారి పని చేసి మరిచిపోతాడు. మేము హనఫీలం. అసర్‌కు నీడ రెండింతలు కావాలి. హిసాబ్‌లో అది విడిగా చెప్పాలి, లేకుంటే ముందే మోగుతుంది.

అమ్మీ మొదటి రోజే సాఫ్‌గా చెప్పింది: "ఇది అజాన్ కాదు, ఇత్తెలా. అజాన్ మస్జిద్‌దే." నాకూ అదే సహీ అనిపించింది.

అసలు డర్ కరెంట్ పోయినప్పుడు. మా పైలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. మళ్లీ లేచినప్పుడు, నెట్ నుంచి సరైన టైము అందేదాకా, ఎప్పుడో రాసిపెట్టుకున్న పాత టైమే నిజమనుకుంటుంది. 12:05కి పడుకుని ఉంటే క్రాన్ ఆ పనిని తర్వాత యాద్ చేసుకోడు. లేవగానే మళ్లీ హిసాబ్ కట్టమని ఇంకో లైను రాయాల్సి వచ్చింది. వైఫై కూడా రాకపోతే? రమజాన్‌లో సెహ్రీ వేళ అరగంట వెనక నడిచే మెషీన్ ఆమె రోజానే ఖరాబ్ చేస్తుంది. చూపున్నోళ్లు ఇంకో గడియారం చూసుకుంటారు. ఆమె దేన్ని చూసుకోవాలి?

అందుకని ఒక షరతు పెట్టాను. మోగే ముందు "నా టైము నెట్‌తో కలిసిందా?" అని స్క్రిప్ట్ చూసుకోవాలి. కలవకపోతే ఇత్తెలా ఇవ్వొద్దు. దాని బదులు మా బిడ్డ గొంతులో రికార్డ్ చేసిన మాట వస్తుంది: "దాదీ, నాకు టైము తెలుస్తలేదు. అబ్బాకు ఫోన్ చెయ్."

ఆ మాట ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది. మిగతా రోజుల్లో అమ్మీ నాకు ఫోన్ చేయదు. మీ ఇంట్లో కూడా పెద్దోళ్ల కోసం ఇట్లాంటిది పెట్టుకుంటే, మోగడం కన్నా ముందు "తెలియదు" అనడం దానికి నేర్పండి. మా అమ్మీకి దాని మీద భరోసా కుదిరింది ఆ ఒక్క మాటతోనే.