పరమానందయ్యగారికి చుట్టం, పరమార్థ గురువు



వేసవి బైబిలు పాఠశాల ముగింపునాడు పిల్లలచేత ఏ నాటిక వేయించాలన్న ప్రశ్న మా మదీనాగూడ సంఘంలో వచ్చింది. పరమానందయ్య శిష్యుల కథ వేద్దామని సండేస్కూలు టీచరమ్మ అన్నారు. వెంటనే ఒక పెద్దాయన, "అయ్యగారూ, సినిమా కథ మందిరంలో ఎందుకండీ?" అన్నారు. ఆ సందేహం న్యాయమైనదే గనుక నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ కథకు దగ్గర చుట్టమొకటి తమిళంలో ఉంది. దాన్ని వ్రాసినవాడు ఒక క్రైస్తవ గురువు! ఇటలీలో 1680లో పుట్టిన కాన్‌స్టాంటైన్ జోసెఫ్ బెస్కీ జెస్యూట్ మిషనరీగా తమిళదేశం వచ్చి, వీరమామునివర్ అనిపించుకున్నాడు. యోసేపుగారిపై 'తేంబావణి' అనే మహాకావ్యం వ్రాసిన చేతితోనే 'పరమార్థ గురువు కథ' కూడా వ్రాశాడు. 1822లో బాబింగ్టన్ దొర దాన్ని ఇంగ్లీషులో అచ్చువేయించాడు. నది నిద్రపోయిందో లేదో కొరివితో పరీక్షించడం, ఏరు దాటాక ఎవరికి వారు తమను వదిలేసి తలలు లెక్కించి ఒకడు మునిగాడని ఏడవడం, గుమ్మడికాయను గుర్రపు గుడ్డని కొనడం అన్నీ అందులో ఉన్నాయి. మన ఇళ్లలో పరమానందయ్య పేరున చెప్పుకునేవీ ఇవే.

అయితే బెస్కీ కథలో శిష్యులు అయిదుగురే కాదు, గురువు కూడా మందమతే. ఆసనం చల్లబడితే ప్రాణం పోతుందని ఎవరో చెప్పిన మాట ఆయన నమ్ముతాడు. ఒకనాడు గుర్రం మీదినుంచి నీళ్లలో పడి, చల్లబడి, భయంతో కుంగిపోతాడు. చివరికి శిష్యుల తెలివితక్కువ భక్తిలోనే నిజంగా చనిపోతాడు. నవ్వుతున్న నోరు అక్కడ మూతపడుతుంది.

మన తెరమీద అలా జరగలేదు. 1950లో కస్తూరి శివరావు ఒకసారి, 1966లో సి.పుల్లయ్య మరోసారి ఈ శిష్యులను సినిమాకెక్కించారు. రెండవదానిలో ఎన్.టి.రామారావుగారు రాజు, ఘంటసాలగారి సంగీతం. గురువుగా నాగయ్యగారు! పోతన, త్యాగయ్య, వేమన పాత్రలలో జనం చేతులెత్తి మ్రొక్కిన ముఖమది. ఆ ముఖం పెట్టాక గురువు తెలివితక్కువవాడు ఎలా అవుతాడు? నవ్వంతా శిష్యుల మీదికి పోయింది, రాజు ప్రేమకథ ముందుకొచ్చింది, గురువుకు గౌరవం మిగిలింది. చూడడానికి హాయిగానే ఉంటుంది, నేనూ నవ్వాను. కానీ కాపరి మీద వేసిన ఛలోక్తి మాత్రం పోయింది. దాన్ని వేసినవాడు స్వయంగా ఒక కాపరి!

పిల్లలు భయపడతారేమోనని ఒక తల్లి అడిగింది. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తీయమన్నాను. పౌలుగారి ప్రసంగం సాగుతూనే ఉంటే ఐతుకు నిద్రకు జోగి మూడవ అంతస్తునుండి పడ్డాడు, చనిపోయినవాడై ఎత్తబడ్డాడు. లూకాగారు ఆ ప్రసంగం ఎంత పొడవో దాచలేదు, పడడమూ దాచలేదు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా పిల్లలు ముందు నవ్వుతారు, తర్వాత నోరు తెరుచుకుని వింటారు. (నా ప్రసంగాల నిడివి గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడనవసరం లేదు.)

నాటిక వేయడానికే ఒప్పుకున్నాం. అతి చిన్నవాళ్లకు గుర్రపు గుడ్డు వరకే. పెద్ద పిల్లలకు ఆసనం చల్లబడే ఘట్టం, ఆ తర్వాతిది కూడా తీసివేయవద్దని టీచరమ్మకు చెప్పాను. గురువు వేషానికి ఏ పిల్లవాడూ ముందుకు రాలేదట. అది నాకే వదిలేయమన్నాను.