మౌలాలీ గుట్ట నీడలో మాహ్ లఖా

హైదరాబాద్ చూడ్డానికొచ్చినవాళ్ళు చార్మినార్ చూస్తారు, గోల్కొండ ఎక్కుతారు, బిర్యానీ తిని రైలెక్కుతారు. నగరానికి ఈశాన్యం కొసన ఉన్న మౌలాలీకి వచ్చేవాళ్ళు తక్కువ. ఏళ్ళ తరబడి గచ్చిబౌలి చుట్టూనే తిరిగిన నాకూ అది బస్సు బోర్డు మీద చదివిన పేరే. 2024 మార్చిలో సనత్‌నగర్–మౌలాలీ లైను మీద ఎంఎంటీఎస్ రైళ్ళు మొదలయ్యాక ఆ వైపు వెళ్ళడం తేలికైంది. ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్... స్టేషన్ల పేర్లు చదువుకుంటూ హౌసింగ్ బోర్డు దగ్గర దిగాను. పెట్టెలో సగం సీట్లు ఖాళీ. ఇంత మంచి లైనుకి ఇంత తక్కువ మందా అని బాధనిపించింది.

మౌలాలీ అంటే ముందు రైల్వే. లోకో షెడ్డు, క్వార్టర్లు, గూడ్సు బండ్ల చప్పుడు. కాస్త అవతల ఈసీఐఎల్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. ఈ పరిశ్రమల మధ్య నుంచి ఉన్నట్టుండి నున్నటి రాతిగుట్ట ఒకటి లేస్తుంది. దక్కను గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళంటారు. గుట్ట పక్క నుంచి చూస్తే ఉల్లిపొట్టులా పొరలు పొరలుగా విచ్చుకున్న రాయి కనబడుతుంది. పగలు ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి ముడుచుకుని, యుగాలపాటు అలా పొరలు వదులుతూ వచ్చింది. ఈ చుట్టుపక్కల ఇనుప యుగం నాటి సమాధులు కూడా బయటపడ్డాయి. గోల్కొండ సుల్తానులకు ఎంతో ముందే ఇక్కడ మనుషులు తమవాళ్ళను రాళ్ళ కింద పడుకోబెట్టారు.

మౌలాలీ కమాను దాటగానే పూల దుకాణం ముందు కూర్చున్న పెద్దాయన పిలిచాడు. “పైకి పోతున్నరా సార్? నీళ్ళు పట్టుకపోండ్రి. నడుమ ఏం దొర్కదు.” మంచి మాట చెప్పాడు. దాదాపు అయిదు వందల మెట్లు. వెడల్పుగా, సౌకర్యంగానే ఉన్నాయిగానీ నీడ లేదు. ముసలివాళ్ళు నాలుగడుగులకోసారి పిట్టగోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నారు. నడుమ ఓ చోట పందిరి, కుళాయి ఉంటే వాళ్ళకెంత మేలు!

కొండ మీది దర్గాకు కథ ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కొలువులో యాకూత్ అనే నపుంసక సేవకుడు జబ్బుపడ్డాడు. 1578లో ఒక రాత్రి కలలో ఆకుపచ్చ బట్టల మనిషి వచ్చి, మౌలా అలీ పిలుస్తున్నారని వెంట తీసుకెళ్ళాడు. కొండ మీద రాతిపై చెయ్యి ఆనించి కూర్చున్న ప్రవక్త అల్లుడు హజ్రత్ అలీ కనిపించారు. తెల్లవారి వెళ్ళి చూస్తే ఆ రాతి మీద అరచేతి గుర్తు! అది రజబ్ నెల పదిహేడో తేదీ. ఇప్పటికీ ఆ రోజున ఇక్కడ ఉర్సు జరుగుతుంది. షియా కుతుబ్‌షాహీలు కట్టిన ఈ దర్గాను తర్వాత వచ్చిన సున్నీ నిజాములు కూడా అంతే భక్తితో ఆదరించారు. లోపల గోడల నిండా అద్దాల మెరుపు. కొబ్బరికాయతో వచ్చిన హిందూ దంపతులు, తాయెత్తు కట్టించుకుంటున్న పసిబిడ్డ, దువా చేస్తున్న బురఖా అమ్మాయిలు, అందరూ ఒకే వరసలో నిలబడ్డారు. బయటికొస్తే నగరం నాలుగు దిక్కులా పరుచుకుని ఉంది.

అయితే నన్ను కట్టిపడేసింది కొండ పైభాగం కాదు, పాదం. అక్కడ ప్రహరీ లోపల ఒక తోట, తోట మధ్య తెల్లటి సమాధి. నిజాం కొలువు నర్తకి, కవయిత్రి మాహ్ లఖా బాయి చందా దాన్ని 1792లో తన తల్లి రాజ్ కన్వర్ బాయి కోసం కట్టించింది. 1824లో తానూ అక్కడే తల్లి పక్కన చేరింది.

ఇక్కడే ఎందుకు? మాహ్ లఖా కడుపులో ఉండగా తల్లి మౌలాలీ దర్శనానికి వచ్చింది. ఉన్నట్టుండి గర్భం నిలవదేమోనన్న స్థితి ఏర్పడింది. దర్గా నుంచి తెచ్చిన దారం, ధూపంతో బిడ్డ దక్కిందని ఆ కుటుంబం నమ్మింది. 1768లో పుట్టిన ఆ బిడ్డ పెద్దయ్యాక ప్రతి గజల్ చివరా మౌలా అలీని తలుచుకుంది. ఉర్దూలో దీవాన్ (గజళ్ళ సంకలనం) కూర్చిన తొలి మహిళల్లో ఒకరిగా నిలిచింది. 1799లో ఆమె తన దీవాన్ ప్రతిని జాన్ మాల్కమ్ అనే బ్రిటిష్ అధికారికి కానుకగా ఇచ్చింది. అదిప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆమె నర్తకి, గాయని, కవయిత్రి. రెండో నిజాం ఆమెకు జాగీర్లిచ్చాడు, అమీర్ల సరసన కూర్చోబెట్టాడు. విలువిద్య, గుర్రపుస్వారీ తెలిసిన ఆమె మగవేషంలో నిజాం వెంట యుద్ధాలకు వెళ్ళింది. చరిత్ర రాయించింది, గ్రంథాలయం పోషించింది. తారనాక వైపు ఇఫ్లూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆమె పేరు మీద ఒక మెట్లబావి ఉంది. అదే శతాబ్దంలో తంజావూరు కొలువులో మన ముద్దుపళని తెలుగులో కావ్యం రాసింది. రాజనర్తకి కాబట్టి రచన తక్కువదని ముద్దుపళనిని చిన్నచూపు చూసిన లోకమే, మాహ్ లఖాను చాలాకాలం ‘తవాయిఫ్’ (ఆటపాటల వేశ్య) అన్న ఒక్కమాటతో పక్కన పెట్టింది.

తోటలో ఎవరూ లేరు. సున్నపు పూత మీద కమాన్ల అంచులు చేత్తో తడిమి చూశాను. నలుగురు చేతులు కడుక్కునే తొట్టె అంచు కూడా శ్రద్ధగా చెక్కే కాలం అది. తోట నాలుగు భాగాలుగా, మధ్యలో నీటి కుండంతో ఉంది. చాలాకాలం పాడుబడి ఉన్న ఈ చోటును ఎమరీ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు స్కాట్ కూగల్ పర్యవేక్షణలో, అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేసి 2011లో పూర్తి చేశారు. దూరదేశం వాళ్ళు గుర్తించి బాగుచేయాల్సి రావడం మనం ఆలోచించుకోవాల్సిన సంగతి.

మధ్యాహ్నం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్‌తోనే గడిచిపోయింది. అవతలి ఖదమే రసూల్ (ప్రవక్త పాదముద్ర) గుట్టను కింద నుంచే చూశాను. సాయంత్రం మళ్ళీ రైలు.

గోల్కొండకు పిల్లల్ని తీసుకెళ్ళే బడులు ఒక్కసారి ఇటు కూడా రావాలి. సమాధి దగ్గర ఆమె ఎవరో, ఏం రాసిందో తెలుగులోనూ, ఉర్దూలోనూ చెప్పే మంచి బోర్డు పెట్టాలి. వెళ్ళదలచినవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళు పట్టుకెళ్ళండి. ముందు కొండెక్కండి, దిగాక తోటలో కాసేపు కూర్చోండి.